ఏజెన్సీ (పదం)

ఏజెన్సీ అనేది ఆంగ్ల భాష నుండి తెలుగులోకి వచ్చి స్థిరపడిన పదము. ఒకరి తరఫున మరొకరు పని చేయడం, అలా పని చేసే సంస్థ, ఆ సంస్థ కార్యాలయం అనేవి దీనికి ఆంగ్లంలో ఉన్న సాధారణ అర్థాలు. అయితే శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాలలో విశేషణం ఏదీ లేకుండా "ఏజెన్సీ" అంటే ముందుగా స్ఫురించేది ఇవేవీ కావు. అక్కడ ఈ పదానికి అర్థం తూర్పు కనుమలలోని గిరిజన ప్రాంతం. "ఏజెన్సీకి బదిలీ అయింది", "ఏజెన్సీలో వానలు", "ఏజెన్సీ పసుపు" వంటి ప్రయోగాలు ఈ అర్థంలోనివే. ఆంగ్లం మాతృభాషగా గలవారికి ఈ వాక్యాలను అనువదించి చెప్పినా వివరణ లేనిదే బోధపడవు. విశాఖపట్నం, ఉభయ గోదావరి, ఖమ్మం ప్రాంతాలలోనూ ఈ ప్రయోగం ఉన్నది.

ఒక పదానికి అనేక అర్థాలు ఉండడం వింత కాదు. కానీ ఈ పదం విషయంలో ఏ అర్థం ఎక్కడ వర్తిస్తుందన్న దానిపై భూమి హక్కులు, ఉద్యోగాలు, న్యాయస్థానాల పరిధి ఆధారపడి ఉన్నాయి.

వ్యుత్పత్తి

లాటిన్ భాషలో "అగెరె" అనే క్రియకు తోలు, నడుపు, చేయు అని అర్థాలు. దాని నుండి చేసేవాడు అనే అర్థంలో "అగెన్స్", ఆ తరువాత "అగెన్షియా" ఏర్పడ్డాయి. ఆంగ్లంలోని ఏజెంట్, ఏజెన్సీ వీటి నుండి వచ్చినవే. యాక్ట్, యాక్షన్, యాక్టర్, ఏజెండా కూడా ఇదే కుటుంబానికి చెందినవి. చేయవలసిన పనులు అన్నది ఏజెండాకు మూలార్థం. సంస్కృతంలో తోలుట అనే అర్థం గల "అజ్" ధాతువు ఈ లాటిన్ క్రియకు సోదర ధాతువని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. తెలుగు కావ్యాలలో యుద్ధం అనే అర్థంలో కనిపించే "ఆజి" ఆ ధాతువు నుండి పుట్టినదే. కాబట్టి బహు దూరపు చుట్టరికంతో ఈ పదానికి తెలుగులో బంధువు ముందే ఉన్నట్లు లెక్క.

తెలుగులో రూపాలు

ఏజెన్సీ, ఏజన్సీ అని రెండు విధాలుగానూ వ్రాస్తారు. వ్యక్తివాచక రూపం ఏజెంటు, ఏజెంట్, ఏజంటు. బహువచనాలు ఏజెన్సీలు, ఏజెంట్లు. దుకాణాల పేర్లలో ఆంగ్ల బహువచనమైన "ఏజెన్సీస్" ఏకవచనంగా వాడుకలో ఉన్నది. ఫలానా ఏజెన్సీస్ అని బోర్డు ఉన్న చోట ఉండేది ఒక్క దుకాణమే. అటువంటివి రెండు ఉంటే వాటిని "ఏజెన్సీస్‌లు" అనడం కూడా వినవస్తుంది.

తెలుగు పదాలతో కలిసి ఏజెన్సీవాసులు, ఏజెన్సీ గ్రామాలు వంటి సమాసాలు ఏర్పడ్డాయి. కొండలకు వెళ్ళే దారిలోని పట్టణాలను "ఏజెన్సీ ముఖద్వారం" అనడం పత్రికల వాడుక. మన్యపు జ్వరం అని పూర్వం అన్నదానిని నేడు ఏజెన్సీ జ్వరాలు అని వ్రాస్తున్నారు. ఢిల్లీ వార్తల మొదట "ఏజెన్సీలు" అని కనిపిస్తే మాత్రం అది వార్తా సంస్థల నుండి తీసుకున్న వార్త అని గ్రహించాలి. జిల్లా అనుబంధంలో ఈ రెండు అర్థాలూ ఒకే పుటలో ఎదురుపడిన సందర్భాలకు కొదవ లేదు.

ప్రాంతవాచకంగా ఏజెన్సీ

ఒక మనిషి హోదాను తెలిపే పదం నేలకు పేరు కావడానికి కారణం 1839లో వచ్చిన చట్టం. ఆనాడు నేటి శ్రీకాకుళం పట్టణం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు గంజాం జిల్లాలోను, పాలకొండ, పార్వతీపురం, సాలూరు, విజయనగరం ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలోను ఉండేవి. 1830లలో పర్లాకిమిడి, గుంసూరు, విశాఖపట్నం కొండ ప్రాంతాలలో కుంపిణీ ప్రభుత్వంపై తిరుగుబాట్లు జరిగాయి. వాటిని అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమీషనరుగా పంపింది. మైదాన ప్రాంతపు న్యాయస్థానాలు, రెవిన్యూ నిబంధనలు కొండలలో పనికిరావని ప్రభుత్వం భావించింది. దాని ఫలితమే 1839 నాటి 24వ చట్టం. దీని ప్రకారం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలు సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తొలగించబడ్డాయి. వాటి సివిల్, క్రిమినల్ పాలన ఆ జిల్లాల కలెక్టర్లకు అప్పగించబడింది. అయితే అక్కడ వారు కలెక్టర్లుగా కాక "గవర్నరు ఏజెంటు" హోదాలో పాలించాలి. ఆ ఏజెంటు అధికారం చెల్లే ప్రాంతాన్ని ఏజెన్సీ అన్నారు. ఏజెంటు ఎవరి తరఫున పని చేసేవాడన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. అతడు గవర్నరుకు ప్రతినిధి గాని కొండవారికి కాదు.

మొదట్లో మైదానంలోని జమీందారీలు కొన్ని కూడా ఏజెన్సీలో ఉండేవి. తరువాతి కాలంలో వాటిని తప్పించగా సవర, జాతాపు, కొండదొర, గదబ మొదలైన తెగలు నివసించే కొండలు, లోయలు మిగిలాయి. ప్రజల నోట "ఏజెన్సీ" అంటే కొండలు అనే అర్థం స్థిరపడింది.

ఆ తరువాత చట్టాలలో ఈ ప్రాంతాల పేరు పలుమార్లు మారింది. 1874 చట్టంలో ఇవి షెడ్యూల్డ్ జిల్లాలు. 1919 భారత ప్రభుత్వ చట్టంలో వెనుకబడిన ప్రాంతాలు. 1935 చట్టంలో మినహాయించిన, పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు. 1950 నుండి రాజ్యాంగం ఐదవ షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాలు. పాలకులు ఎన్ని పేర్లు పెట్టినా జనం 1839 నాటి పేరును వదలలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం ఏజెన్సీ, కొరాపుట్ ప్రాంతం అటు వెళ్ళాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. అయినా షెడ్యూల్డ్ ప్రాంతాలను ప్రకటించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో కనిపించేది "విశాఖపట్నం ఏజెన్సీ" అనే మాటే. సీతంపేట, పార్వతీపురం, సాలూరు కొండలు ఆ మాటలోనే ఇమిడి ఉన్నాయి. దీవాని వ్యాజ్యాల విధానాన్ని నిర్దేశించే 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి సెక్షనులోనూ తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, విశాఖపట్నం ఏజెన్సీల ప్రస్తావన ఉన్నది. అక్కడి ప్రత్యేక నిబంధనలకు భంగం కలగకుండానే కోడ్ వర్తిస్తుందని దాని సారాంశం. ఆ ప్రత్యేక నిబంధనలలో ముఖ్యమైనవి 1924 నాటి ఏజెన్సీ రూల్సు. వీటి కింద ఏజెన్సీ మున్సిఫు, ఏజెన్సీ డివిజనల్ ఆఫీసరు, ఏజెంటు అనే రెవిన్యూ అధికారులే న్యాయాధికారులు.

రాష్ట్రపతి ఉత్తర్వులో మరొక విశేషం ఉన్నది. విశాఖపట్నం ఏజెన్సీ నుండి తరువాత మినహాయించిన గ్రామాల జాబితాలో "ఏజెన్సీ లక్ష్మీపురం" పేరు ఉన్నది. ఊరి పేరులో ఏజెన్సీ ఉన్నా చట్టం దృష్టిలో ఆ ఊరు ఏజెన్సీ కాదు.

భూమి చట్టాలు

ఏజెన్సీ సరిహద్దుకు అంత ప్రాముఖ్యం రావడానికి కారణం భూమి. మైదానం నుండి వచ్చిన షావుకార్లు అప్పుల కింద గిరిజనుల భూములను స్వాధీనం చేసుకోవడం పందొమ్మిదవ శతాబ్దం నుండే పెరిగింది. దీనిని అరికట్టడానికి 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల భూ బదలాయింపు చట్టాన్ని చేసింది. కొండజాతి వ్యక్తి తన భూమిని మరొక కొండజాతి వ్యక్తికి తప్ప ఇతరులకు బదలాయించాలంటే ఏజెంటు లేదా నిర్ణీత అధికారి లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. లేనిచో ఆ బదలాయింపు చెల్లదు. చట్టం బాగానే ఉన్నా అమలు కావలసినంతగా జరగలేదు. ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన తరువాత 1959లో 1వ నిబంధన (రెగ్యులేషను) వచ్చినా పరిస్థితి పెద్దగా మారలేదు.

1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో జరిగే గిరిజన సంఘం సభకు వెళుతున్న వారిపై లేవిడి వద్ద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు మరణించారు. దానితో శ్రీకాకుళ గిరిజన పోరాటం సాయుధ రూపం దాల్చింది. ఉపాధ్యాయులుగా పని చేసి దానికి నాయకులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం 1970 జూలైలో మరణించారు. పోరాటం సాగుతుండగానే, 1970 ఫిబ్రవరి 3 నుండి, 1959 నిబంధనకు సవరణ అమలులోకి వచ్చింది. "వన్ ఆఫ్ సెవెంటీ" అని, "ఒకటిబై డెబ్బై" అని జనం పిలిచే చట్టం ఇదే. దీని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని గిరిజనుడే కాదు, గిరిజనేతరుడు కూడా షెడ్యూల్డ్ తెగలవారికి లేదా వారి సహకార సంఘాలకు తప్ప మరెవరికీ బదలాయించరాదు. గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుని నుండి వచ్చినదేనని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత గిరిజనేతరునిదే. 1988లో సుప్రీం కోర్టు ఈ నిబంధనలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది.

ఇదే చట్టంలోని "వ్యక్తి" అనే పదానికి అర్థం ఏమిటన్న ప్రశ్న మరొక ప్రసిద్ధ వ్యాజ్యానికి దారి తీసింది. విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలో గనుల లీజులను సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. 1997 జూలై 11న సుప్రీం కోర్టు ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో "వ్యక్తి"యే అని, కనుక షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. నిఘంటువులో చిన్నదిగా కనిపించే పదానికి ఇంత బరువు ఉండగలదనడానికి సమత తీర్పు మంచి ఉదాహరణ.

ఉద్యోగాల విషయంలో మాత్రం ఫలితం వేరుగా వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల పాఠశాలలలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 3వ నంబరు జీవో జారీ చేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషను రాజ్యాంగానికి విరుద్ధమని 2020 ఏప్రిల్ 22న సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం దానిని కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కొనసాగనిచ్చింది.

గీతకు అటూ ఇటూ

వాడుకలో ఏజెన్సీ, షెడ్యూల్డ్ ప్రాంతం, సబ్‌ప్లాన్ ప్రాంతం అనే మూడు మాటలను ఒకే అర్థంలో వాడుతుంటారు. ఇది పొరపాటు. షెడ్యూల్డ్ ప్రాంతం రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏర్పడేది, భూ బదలాయింపు నిషేధం వర్తించేది దానికే. ఐదవ పంచవర్ష ప్రణాళిక (1974-79) కాలంలో వచ్చిన గిరిజన ఉపప్రణాళిక పరిధి అంతకన్నా పెద్దది. షెడ్యూల్డ్ ప్రాంతాన్ని ఆనుకొని, గిరిజనులు ఎక్కువగా ఉన్న ఇతర గ్రామాలను కూడా అందులో చేర్చారు. ఈ గ్రామాలకు అభివృద్ధి పథకాలు వస్తాయి గాని 1970 చట్టం రక్షణ ఉండదు. గ్రామ సభలకు అధికారాలు ఇచ్చే 1996 నాటి పెసా చట్టం కూడా షెడ్యూల్డ్ ప్రాంతాలకే పరిమితం. ఒకే కొండకు ఒకవైపున ఉన్న సవర గ్రామం చట్టం ప్రకారం ఏజెన్సీ, రెండవవైపున ఉన్న సవర గ్రామం కాదు. చూసేవారికి రెండూ ఏజెన్సీయే. తమ ఊళ్ళను షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చాలన్న కోరిక ఈ గ్రామాల వారిలో చాలాకాలంగా ఉన్నది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సీతంపేట, పాలకొండ, భామిని, వీరఘట్టం మండలాలు శ్రీకాకుళం జిల్లా నుండి విడిపోయి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. మందస, మెళియాపుట్టి, పాతపట్నం మండలాల గిరిజన గ్రామాలు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండిపోయాయి.

ఐటీడీఏ

సీతంపేట, పార్వతీపురాలలో ఉన్న సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలను అందరూ ఐటీడీఏ అనే అంటారు. ఈ పొడి అక్షరాలలో చివరిదైన "ఏ" ఏజెన్సీకి సంకేతమే. కానీ ఇక్కడ దాని అర్థం కొండ ప్రాంతం కాదు, సంస్థ. తెలుగు పేరులో ఏజెన్సీకి బదులు "సంస్థ" అని పెట్టడం వలన గందరగోళం తప్పింది. ఆంగ్లంలో మాత్రం ఏజెన్సీలో పని చేసే ఏజెన్సీ అవుతుంది. పైగా ఈ సంస్థకు అధిపతి అయిన ప్రాజెక్టు అధికారి భూ వివాదాలు విచారించేటప్పుడు ప్రభుత్వ అదనపు ఏజెంటు హోదాలో కూర్చుంటారు. 1839 నాటి ఏజెంటు, ఆ ఏజెంటు పేరున వెలసిన ప్రాంతం, ఆధునిక కాలపు అభివృద్ధి సంస్థ అనే మూడు అర్థాలూ సీతంపేటలో ఒకే కార్యాలయంలో కలుస్తాయి.

1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మరొక ఉదాహరణ. చింతపండు, జిగురు, కుంకుడుకాయలు, అడ్డాకులు వంటి అటవీ ఉత్పత్తులను దళారుల బారి నుండి తప్పించి కొనడం దీని ప్రధాన బాధ్యత. 1979 నిబంధన షెడ్యూల్డ్ ప్రాంతాలలో ఈ కొనుగోలుపై దీనికి గుత్తాధికారం ఇచ్చింది.

మన్యం

ఏజెన్సీకి తెలుగులో ఉన్న పాత మాట మన్యం లేదా మన్నెం. మన్నెదొర అంటే కొండ ప్రాంతపు ప్రభువు. విజయనగరం పూసపాటి రాజుల బిరుదులలోని "మన్నె సుల్తాన్" ఇందులో నుండి వచ్చినదే. దీనిని "మాన్యం"తో కలపరాదు. మాన్యం అంటే దేవాలయాలకో, పండితులకో, గ్రామ సేవకులకో పన్ను లేకుండా ఇచ్చిన భూమి. ఒక్క దీర్ఘం తేడాతో అర్థం పూర్తిగా మారుతుంది. పత్రికలలో సైతం ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా పేరులో పాత తెలుగు మాట మళ్ళీ అధికారికంగా చోటు చేసుకున్నది. అయినా సంభాషణలో ఏజెన్సీ వెనక్కి తగ్గలేదు.

ఏజెంటు

వ్యక్తివాచకమైన ఏజెంటుకు న్యాయపరమైన నిర్వచనం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 182వ సెక్షనులో ఉన్నది. మరొకరి తరఫున పని చేయడానికి, లేదా ఇతరులతో వ్యవహారాలలో వారికి ప్రాతినిధ్యం వహించడానికి నియమితుడైనవాడు ఏజెంటు. నియమించినవాడు యజమాని. తనకు ఇచ్చిన అధికారానికి లోబడి ఏజెంటు చేసిన పనికి యజమాని కట్టుబడి ఉండాలి. నిత్య వ్యవహారంలో ఎల్‌ఐసీ ఏజెంటు, చిట్‌ఫండ్ ఏజెంటు, పత్రికా ఏజెంటు సుపరిచితులు. ఎన్నికలలో అభ్యర్థి తరఫున ఎన్నికల ఏజెంటు, పోలింగు ఏజెంటు, కౌంటింగు ఏజెంటు ఉంటారు. వీరి నియామకం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం జరుగుతుంది.

దళారీ అనే మాటకూ ఏజెంటుకూ మధ్య సన్నని తేడా ఉన్నది. దళారీ ఇరుపక్షాల నడుమ బేరం కుదిర్చేవాడు, ఏజెంటు ఒక పక్షం మనిషి. అయితే దళారీ నిందార్థకంగా మారడంతో వారు కూడా తమను ఏజెంట్లమనే చెప్పుకుంటున్నారు.

శ్రీకాకుళం జిల్లాలో, ముఖ్యంగా ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాలలో, ఏజెంటు అంటే విదేశాలకు పనికి పంపేవాడు అని కూడా అర్థం. ఇది ఈ తీరానికి కొత్త కాదు. బ్రిటిషు కాలంలో కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల నుండి బర్మాకు కూలీలు వెళ్ళేవారు. వారిని కూడగట్టి, ముందుగా అప్పు ఇచ్చి తీసుకుపోయేవాడిని మేస్త్రీ అనేవారు. ఆ అప్పు తీరేవరకు కూలీ మేస్త్రీ చేతిలోనే ఉండేవాడు. నేడు వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గల్ఫ్ దేశాలకు, సింగపూరుకు వెళుతున్నారు. 1983 వలస చట్టం ప్రకారం ప్రభుత్వం వద్ద రిజిస్టరు చేసుకొన్న రిక్రూటింగు ఏజెంటు మాత్రమే ఈ పని చేయాలి. ఊళ్ళలో తిరిగే సబ్ ఏజెంట్లకు ఆ చట్టంలో స్థానం లేదు. కాంట్రాక్టు చట్టం అర్థంలో వీరు ఎవరి తరఫున ఏజెంట్లో వెళ్ళేవానికి తెలియదు. రిజిస్ట్రేషను లేనివానికి డబ్బు కట్టి మోసపోతే దానిని రాబట్టడం కష్టమయ్యేది ఇందువలననే. సందర్శకుల వీసాపై పనికి పంపడం ఈ మోసాలలో సాధారణమైనది.

వ్యాపారం, ఉద్యోగాలు

వంటగ్యాసు పంపిణీదారును చమురు కంపెనీలు డిస్ట్రిబ్యూటరు అని పేర్కొన్నా ప్రజలకు అది గ్యాస్ ఏజెన్సీయే. ఒక కంపెనీ సరుకును జిల్లాలో అమ్మే హక్కును కూడా ఏజెన్సీ అంటారు ("సిమెంటు ఏజెన్సీ తీసుకున్నాడు"). జనపనార మిల్లుల కాలంలో మేనేజింగు ఏజెన్సీ అనే పద్ధతి ఉండేది. కంపెనీ వాటాదారులది, నిర్వహణ మాత్రం ఒప్పందంపై మరొక సంస్థది. ఈ పద్ధతి 1970లో రద్దయింది. ప్రభుత్వ కార్యాలయాలకు తాత్కాలిక సిబ్బందిని సమకూర్చే ప్రైవేటు సంస్థలను అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీలు అంటారు. వీటి స్థానంలో ఆంధ్ర ప్రదేశ్‌లో 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థ పని ప్రారంభించింది.

ఇతర దేశాలలో

ప్రాంతానికి ఏజెన్సీ అనే పేరు మన్యానికే పరిమితం కాదు. వాయవ్య సరిహద్దులో పొలిటికల్ ఏజెంటు పాలనలో ఉన్న ఖైబర్, వజీరిస్తాన్ మొదలైన గిరిజన ప్రాంతాలు కూడా ఏజెన్సీలే. పాకిస్తాన్‌లో ఆ పేరు 2018 వరకు కొనసాగింది. ఆ సంవత్సరం అవి ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో విలీనమై జిల్లాలయ్యాయి. అమెరికాలో స్థానిక తెగల రిజర్వేషన్లపై ప్రభుత్వం నియమించిన అధికారిని ఇండియన్ ఏజెంటు అని, అతని కేంద్రాన్ని ఏజెన్సీ అని పిలిచేవారు. మూడు చోట్లా తెగల ప్రాంతాలను సాధారణ పాలనకు వెలుపల ఉంచినప్పుడే ఈ పేరు వచ్చింది. ఇందుకు భిన్నంగా, నిజాం రాజ్యంలో ఉండి ఎన్నడూ గవర్నరు ఏజెంటును ఎరుగని ఆదిలాబాదు అడవులను కూడా నేటి తెలుగు పత్రికలు ఏజెన్సీ అనే వ్రాస్తున్నాయి. పదం తన పుట్టుకను మరచి కేవలం గిరిజన ప్రాంతం అనే అర్థంలో నిలిచిందనడానికి ఇది నిదర్శనం.

మరికొన్ని అర్థాలు

వ్యాకరణంలో ఏజెంటుకు తెలుగు కర్త. సామాజిక శాస్త్రాలలో తన నిర్ణయం తాను తీసుకొని ఆచరించగల శక్తిని ఏజెన్సీ అంటారు, దీనికి కర్తృత్వం అనే అనువాదం ఉన్నది. రసాయన శాస్త్రంలో ఆక్సిడైజింగ్ ఏజెంటు ఆక్సీకరణి అవుతుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా అడవులపై చల్లిన కలుపు నాశని పేరు ఏజెంట్ ఆరెంజ్. గూఢచారి, అపరాధ పరిశోధకుడు అనే అర్థాలు చలనచిత్రాల ద్వారా బాగా వ్యాపించాయి. ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ (2019), ఏజెంట్ (2023) ఈ కోవలోనివి. కంప్యూటరు రంగంలో వాడుకరి తరఫున తనంతట తాను పనులు చక్కబెట్టే ప్రోగ్రామును కూడా ఏజెంట్ అంటున్నారు.